బోరు నీళ్ళకు సున్నం పట్టిన గీజరు: బాగుచేయడం, మార్చడం, కాపాడుకోవడం

హైదరాబాద్ శివారు కాలనీల్లోనూ, రాయలసీమ పట్టణాల్లోనూ, బోరు మీదే ఆధారపడిన అపార్ట్‌మెంట్లలోనూ గీజర్లు ఇంచుమించు ఒకే తీరున చెడిపోతాయి. మొదట నీళ్ళు కాగేటప్పుడు లోపల బుడబుడమని చప్పుడు వస్తుంది, కొన్నాళ్ళకు రెండో బకెట్‌కే నీళ్ళు గోరువెచ్చగా దిగుతాయి, చివరికి ఒక రోజు స్విచ్ వేయగానే బ్రేకర్ పడిపోతుంది. మెకానిక్ వచ్చి కాయిల్ మార్చి వెళతాడు, ఏడాది తిరిగేసరికి అదే కథ మళ్ళీ మొదలవుతుంది. కాయిల్ మార్చడం అవసరమే అయినా, పాత కాయిల్‌ను కాల్చిన సున్నం ట్యాంకు అడుగునే ఉండిపోతుంది, దాన్ని తెచ్చిపెట్టే నీళ్ళు అదే పైపులో వస్తూనే ఉంటాయి. కాబట్టి ఈ పనిని నీళ్ళ దగ్గర మొదలుపెట్టి గీజరు దగ్గరకు రావడమే సరైన వరుస.

లోపల జరిగేది ఏమిటి

భూమి పొరల్లోంచి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. నీళ్ళు వేడెక్కినప్పుడు కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, నీటిలో దాదాపు కరగని కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. అన్నిటికన్నా వేడిగా ఉండే చోటే అది ముందుగా గట్టిపడుతుంది గనుక కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది, మందమైన పెచ్చులు ఊడి ట్యాంకు అడుగున ఇసుకలా చేరతాయి. లెక్క వేసి చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. లీటరుకు 400 మిల్లీగ్రాముల కఠినత్వం (అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) ఉన్న నీళ్ళను రోజుకు 100 లీటర్లు కాచే ఇంట్లో, ఏడాదిలో ఆ గీజరు గుండా 14 కిలోలకు పైగా కఠినత్వ లవణాలు ప్రవహిస్తాయి. అందులో పదో వంతు లోపలే నిలిచిపోయినా అది కిలోన్నరకు దగ్గరవుతుంది.

సున్నం పడితే కరెంటు బిల్లు రెట్టింపవుతుందని నీటి శుద్ధి పరికరాలు అమ్మేవారు చెబుతుంటారు. నీటిలో మునిగి ఉండే ఎలక్ట్రిక్ కాయిల్ విషయంలో ఈ మాటలో అతిశయోక్తి ఎక్కువ. 2 కిలోవాట్ల కాయిల్ పుట్టించిన వేడి ఆలస్యంగానైనా నీళ్ళలోకే చేరాలి, దానికి వేరే దారి లేదు. అసలు నష్టం మరో చోట ఉంది. దుప్పటి కప్పినట్టు పెచ్చు పేరుకున్న కాయిల్ తన వేడిని నీటికి త్వరగా ఇవ్వలేక తానే ఎర్రగా కాలి, పై తొడుగు పగిలి, నీళ్ళు లోపలికి చొచ్చుకుంటాయి. థర్మోస్టాట్ గొట్టం చుట్టూ కూడా సున్నం నిండితే అక్కడి వేడి మాత్రమే దానికి తెలుస్తుంది, ట్యాంకులోని నీళ్ళు కాగకముందే అది కరెంటు ఆపేస్తుంది. రెండో బకెట్ చల్లబడటానికి ఎక్కువగా ఇదే కారణం. గ్యాస్ గీజరు సంగతి వేరు, అందులో సున్నం పట్టిన కొద్దీ మంట వేడి పొగతో పాటు బయటికి పోతుంది గనుక గ్యాస్ నిజంగానే వృథా అవుతుంది.

ముందుగా నీళ్ళను కొలవండి

చాలామంది ఇళ్ళలో టీడీఎస్ మీటర్ ఉంటుంది గానీ అది కఠినత్వాన్ని కొలవదు, నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్నే అంచనాగా చూపిస్తుంది. ఆ మొత్తంలో మామూలు ఉప్పు ఎంతో, సున్నం కట్టే లవణాలు ఎంతో దాన్నిబట్టి తెలియదు. కఠినత్వం కోసం చుక్కల మందుతో పరీక్షించే చిన్న కిట్ కొనుక్కోవాలి. నిర్ణీత పరిమాణంలో తీసుకున్న నీటిలో చుక్కలు వేస్తూ పోతే రంగు ఎరుపు నుంచి నీలానికి మారుతుంది, ఎన్ని చుక్కలకు మారిందో లెక్కించి కిట్‌పై ఇచ్చిన అంకెతో గుణిస్తే చాలు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యమైన పరిమితి, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. 180 దాటిన నీటిని చాలా కఠినమైనదిగానే లెక్కిస్తారు. బోరు నీళ్ళను వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పరీక్షిస్తే మంచిది, ఎందుకంటే నీటిమట్టం దిగినప్పుడు, ఎక్కినప్పుడు ఒకే బోరులోని అంకె మారుతుంటుంది.

మునిసిపల్ నీళ్ళను కూడా విడిగా కొలవండి. మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు సాధారణంగా బోరు నీళ్ళకన్నా చాలా మెత్తగా ఉంటాయి. అయితే చాలా అపార్ట్‌మెంట్లలో రెండూ ఒకే సంపులో కలిసి పైకి వెళతాయి గనుక, బాత్రూమ్ కుళాయి దగ్గర పట్టిన నీళ్ళనే పరీక్షించాలి. గీజరులోకి వెళ్ళేవి అవే.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

విప్పే ముందు నాలుగు విషయాలు గమనిస్తే సగం పని పూర్తవుతుంది. మొదటిది కాగే సమయం. 25 డిగ్రీల నీళ్ళను 60 డిగ్రీలకు తేవడానికి 2 కిలోవాట్ల కాయిల్ ఉన్న 15 లీటర్ల గీజరుకు సుమారు 18 నిమిషాలు, 25 లీటర్ల దానికి సుమారు 30 నిమిషాలు పట్టాలి. అంతకన్నా చాలా ముందే దీపం ఆరిపోయి నీళ్ళు గోరువెచ్చగానే వస్తుంటే అనుమానం థర్మోస్టాట్ గొట్టం చుట్టూ ఉన్న సున్నం మీదికి వెళ్ళాలి. దీపం వెలుగుతూనే ఉండి నీళ్ళు ఎంతకీ వేడెక్కకపోతే కాయిల్ తెగిపోయి ఉండవచ్చు.

రెండోది బ్రేకర్ తీరు. స్విచ్ వేసిన వెంటనే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే బ్రేకర్) పడిపోతే కాయిల్ తొడుగు పగిలి కరెంటు నీటిలోకి కారుతోందని అర్థం. ఐదు పది నిమిషాల తరువాత పడితే, చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే సన్నని పగులు వేడికి తెరుచుకుంటోందని అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ బ్రేకర్‌ను మళ్ళీ మళ్ళీ పైకెత్తి వాడటం ప్రాణాలతో చెలగాటమే.

మూడోది నీటి ధార. చన్నీళ్ళు జోరుగా వచ్చి వేడి నీళ్ళు మాత్రం సన్నగా వస్తుంటే, ఊడిన పెచ్చులు గీజరు బయటి పైపులోనో, మిక్సర్ లోపలి జాలీలోనో అడ్డుపడి ఉంటాయి. గీజరును ముట్టుకోకుండా ముందు కనెక్షన్ పైపు విప్పి దులపండి, చాలాసార్లు అక్కడే తీరిపోతుంది.

నాలుగోది కారడం. గీజరు అడుగు భాగాన్ని పొడిగా తుడిచి, టిష్యూ కాగితం ఆనించి ఎక్కడ తడుస్తోందో చూడాలి. అడుగు మూత కింద ఫ్లాంజ్ (కాయిల్‌ను ట్యాంకుకు బిగించే లోహపు పలక) అంచు నుంచి వస్తే రబ్బరు గ్యాస్కెట్ మారిస్తే సరిపోతుంది. బయటి డొప్పకూ ట్యాంకుకూ మధ్య నుంచి తుప్పు రంగుతో కారుతుంటే ట్యాంకుకే చిల్లు పడిందన్నమాట, దానికి వెల్డింగ్ చేయించడం డబ్బు దండగ. ఇక నీళ్ళు కాగుతున్నప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడటం మాత్రం లోపం కాదు. వేడికి వ్యాకోచించిన నీళ్ళు పోవడానికి ఉన్న దారి అది. కారుతోందని దాని రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేసేవారిని చూస్తుంటాం, అంతకు మించిన ప్రమాదకరమైన మరమ్మతు మరొకటి లేదు.

విప్పి శుభ్రం చేసే పద్ధతి

వైరింగు పనిలో చెయ్యి తిరగనివారు ఈ భాగాన్ని ఎలక్ట్రీషియన్‌తో చేయించి, దగ్గర నిలబడి ప్రతి అడుగూ చూడటం మంచిది. గోడ స్విచ్ ఆపడం సరిపోదు. కొన్ని ఇళ్ళలో స్విచ్ పొరపాటున న్యూట్రల్ తీగకు పెట్టి ఉంటుంది, అప్పుడు స్విచ్ ఆపినా కాయిల్‌లో ఫేజ్ ఉంటుంది. బోర్డులోని బ్రేకర్ దించి, ప్లగ్ పీకి, నీళ్ళు పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి.

తరువాత చన్నీళ్ళు వచ్చే యాంగిల్ వాల్వ్ కట్టేసి, వేడి నీళ్ళ కుళాయి తెరిచి లోపలి ఒత్తిడి తీసేయాలి. కుళాయిని అలాగే తెరిచి ఉంచి చన్నీళ్ళ వైపు పైపు నట్టు వదులు చేస్తే, పై నుంచి గాలి లోపలికి పోతూ నీళ్ళు బకెట్‌లోకి దిగుతాయి. వేడి నీళ్ళ గొట్టం ట్యాంకు పైభాగం దాకా ఉంటుంది గనుక అటువైపు విప్పితే నీళ్ళు దిగవు. మధ్యలో ధార ఆగిపోతే సున్నం అడ్డుపడిందన్నమాట, ప్లాస్టిక్ పుల్లతో కదిలించాలి.

అడుగు మూత స్క్రూలు తీశాక తీగలు ఏవి ఎక్కడున్నాయో ఫోనుతో ఫోటో తీసి, ఆ తరువాతే వాటిని ఊడదీయండి. ఇక్కడే మల్టీమీటర్‌తో కాయిల్‌ను పరీక్షించవచ్చు. 2 కిలోవాట్ల కాయిల్ రెండు కొనల మధ్య 26 ఓములకు దగ్గరగా, 3 కిలోవాట్ల దానికి 17 లేదా 18 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే తెగిపోయింది. ఒక కొనకూ లోహపు ఫ్లాంజ్‌కూ మధ్య ఏదైనా అంకె కనిపిస్తే తొడుగు పగిలింది, అలాంటి కాయిల్‌ను కడిగి వాడకూడదు. మామూలు మల్టీమీటర్‌కు సన్నని పగులు అందకపోవచ్చు గనుక, బ్రేకర్ పడిన చరిత్ర ఉన్న కాయిల్‌ను మీటర్ బాగుందని చెప్పినా మార్చేయడమే మేలు.

ఫ్లాంజ్ నట్లను ఒకదాని తరువాత దాని ఎదుటి దాన్ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ, కింద బకెట్ పట్టుకుని దించాలి. మిగిలిన నీళ్ళతో పాటు తెల్లటి బురద, కోడిగుడ్డు పెంకుల్లాంటి పెచ్చులు ఒక్కసారిగా పడతాయి. పెచ్చు బాగా లావెక్కిన కాయిల్ ఒక్కోసారి ఆ రంధ్రంలోంచి బయటికి రాదు. అప్పుడు బలంగా లాగితే ట్యాంకు అంచు దగ్గరి ఎనామెల్ పూత చిట్లి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. అటూ ఇటూ తిప్పుతూ, సందులోంచి చెక్క పుల్లతో పెచ్చును కొద్దికొద్దిగా విరగ్గొట్టి దించడానికి అరగంట పట్టినా పర్వాలేదు.

బయటికి వచ్చిన కాయిల్‌కు సుత్తి, స్క్రూడ్రైవర్ తగలనివ్వకండి. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును లీటరు గోరువెచ్చని నీళ్ళకు 80 నుంచి 100 గ్రాముల చొప్పున ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, కరెంటు తీగలు బిగించే కొనలు తడవకుండా కాయిల్‌ను అందులో ముంచి ఉంచాలి. బుసబుసమని నురుగు వస్తుంది, అది ఆగిపోతే ద్రావణం బలం తగ్గిందని తెలుసుకుని కొత్తది కలపాలి. గంటా రెండు గంటల్లో పెచ్చు మెత్తబడి ప్లాస్టిక్ బ్రష్‌కు ఊడి వస్తుంది. బాత్రూమ్ యాసిడ్ వాడితే నిమిషాల్లో శుభ్రమవుతుందన్న మాట నిజమే గానీ, ఆ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాయిల్ తొడుగునూ, స్టెయిన్‌లెస్ స్టీల్‌నూ, ఎనామెల్ చిట్లిన చోట ఉక్కునూ కూడా తినేస్తుంది. ఏ ఆమ్లాన్నైనా బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది, బాత్రూమ్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి గనుక జాగ్రత్త తప్పనిసరి.

ట్యాంకు లోపల గోడలకు పట్టిన పలుచని సున్నాన్ని వదిలేయవచ్చు, దానివల్ల హాని లేదు. అడుగున చేరినదాన్ని చేత్తోనో ప్లాస్టిక్ గరిటెతోనో తోడేసి, యాంగిల్ వాల్వ్ కొద్దికొద్దిగా తెరుస్తూ తేటనీళ్ళు వచ్చేదాకా కడగాలి. ఇనుప చువ్వతో గీకడం మాత్రం వద్దు.

మెకానిక్‌లు ఎక్కువగా పట్టించుకోని భాగం యానోడ్ రాడ్. ట్యాంకు ఉక్కుకు బదులు తాను కరిగిపోవడానికే పెట్టిన మెగ్నీషియం కడ్డీ అది, లవణాలు ఎక్కువగా ఉన్న నీళ్ళలో త్వరగా అరిగిపోతుంది. సగానికి మించి అరిగినా, లోపలి ఇనుప తీగ బయటపడినా కొత్తది వేయాలి. కాయిల్ పోతే మరో కాయిల్ వేస్తాం, కానీ యానోడ్ అరిగినప్పుడు మార్చకపోతే తరువాత పోయేది ట్యాంకే. దాన్ని నిమ్మ ఉప్పు ద్రావణంలో ముంచకండి, ఆమ్లంలో మెగ్నీషియం కరిగి మండే స్వభావమున్న హైడ్రోజన్ వెలువడుతుంది.

మళ్ళీ బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తదే వాడాలి, పాతది బాగున్నట్టు కనిపించినా వేడికి గట్టిపడి ఉంటుంది. నట్లను ఎదురెదురుగా సమానంగా బిగించి, తీగలు కలపకుండానే నీళ్ళు నింపాలి. వేడి నీళ్ళ కుళాయి నుంచి గాలి తుంపర్లు ఆగి నిండు ధార వచ్చాక కుళాయి కట్టేసి, పావుగంట సేపు ఫ్లాంజ్ చుట్టూ చూడండి. పొడిగా ఉంటేనే ఫోటో ప్రకారం తీగలు, ముఖ్యంగా ఎర్త్ తీగ, గట్టిగా బిగించాలి. వదులుగా ఉన్న లగ్గు (తీగ కొనకు ఉండే లోహపు బిళ్ళ) కాలిపోవడం కొత్త కాయిల్‌కూ తప్పదు. నీళ్ళు నిండకుండా స్విచ్ వేస్తే కొత్త కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది. చివరిగా సేఫ్టీ వాల్వ్ మీటను ఎత్తి చూడాలి, నీళ్ళు చిమ్మి, వదలగానే ఆగాలి. సున్నంతో బిగుసుకుపోయి ఉంటే కొత్తది వేయాల్సిందే.

ఎప్పుడు మార్చేయాలి, ఏది కొనాలి

ట్యాంకుకు చిల్లు పడితే ఆలోచించాల్సిన పని లేదు. వేడి నీళ్ళు మాత్రమే ఎర్రగా వస్తూ, యానోడ్ తీగ మాత్రమే మిగిలి ఉంటే ట్యాంకు రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే, కొత్త కాయిల్ మీద ఖర్చు పెట్టకండి. ట్యాంకు గట్టిగా ఉంటే మాత్రం ఎన్నేళ్ళ గీజరైనా కాయిల్, థర్మోస్టాట్, యానోడ్, వాల్వ్ మార్చి వాడుకోవచ్చు. వయసు చూసి మార్చమనే సలహాను నేను ఒప్పుకోను.

కఠిన జలానికి కొత్తది కొనేటప్పుడు ఎనామెల్ పూత వేసిన ట్యాంకు, ఇంకొలాయ్ (తుప్పును తట్టుకునే నికెల్ మిశ్రమ లోహం) కాయిల్, దాని మీద గాజు పూత, లావాటి యానోడ్ ఉన్న స్టోరేజ్ గీజరును ఎంచుకోవాలి. సముద్ర తీర ప్రాంతాల్లో బోరు నీళ్ళు ఉప్పగా కూడా ఉంటాయి, ఆ క్లోరైడ్ వల్ల స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులకు సూదిమొన గుంటలు పడతాయి గనుక అక్కడ ఎనామెల్ ట్యాంకే మేలు. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరులో 3 కిలోవాట్ల వేడి కొద్దిపాటి చోటులోనే పుడుతుంది గనుక సున్నం త్వరగా పడుతుంది, వంటగదికి తప్ప బోరు నీళ్ళ బాత్రూమ్‌కు అది తగదు. గ్యాస్ గీజరులోని సన్నని రాగి గొట్టాలు ఇంకా త్వరగా మూసుకుంటాయి, పైగా కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం వల్ల దాన్ని స్నానాల గది బయటే పెట్టాలి. సోలార్ వేయించుకునేవారు రాగి గొట్టాల పలకల రకాన్ని నేరుగా బోరు నీళ్ళకు కలపకూడదు. గాజు గొట్టాల రకమో, మధ్యలో హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్నదో తీసుకోవాలి. వారంటీ కార్డులో నీటి కఠినత్వం గురించిన షరతును డబ్బు కట్టకముందే చదవండి.

బిగించేటప్పుడు ఒక్క విషయం మీద పట్టుబట్టాలి. నిలువు గీజరు కింద కాయిల్ బయటికి దించేంత ఖాళీ ఉండాలి. లాఫ్ట్ పలక మీద ఆనించో, ఫాల్స్ సీలింగ్ లోపల దాచో పెడితే, శుభ్రం చేయడానికి మొత్తం గీజరును గోడ నుంచి దించాల్సి వస్తుంది, ఆ శ్రమ పడలేక ఎవరూ దాన్ని విప్పరు. నీళ్ళు నిండిన 25 లీటర్ల గీజరు 30 కిలోలు దాటుతుంది, తేలికపాటి బ్లాకుల గోడలకు వాటికి తగిన యాంకర్లే వాడాలి. సేఫ్టీ వాల్వ్‌కూ గీజరుకూ మధ్య ఇంకో వాల్వ్ పెట్టకూడదు. కరెంటుకు విడి లైను, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి.

మళ్ళీ సున్నం పట్టకుండా

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న మార్గం నీటి లైను మార్చడం. సొంత ఇల్లు అయితే మునిసిపల్ నీళ్ళకు పైన ఒక చిన్న ట్యాంకు విడిగా పెట్టి, దాని పైపును గీజర్లకు, వంటగదికి మాత్రమే కలపండి. ఫ్లష్‌కు, బట్టలకు, మొక్కలకు బోరు నీళ్ళు ఉండనే ఉంటాయి. నలుగురున్న ఇంటికి వేడి నీళ్ళ కోసం రోజుకు 100 లేదా 150 లీటర్లు మించి పట్టవు గనుక, రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్ళయినా సరిపోతాయి.

థర్మోస్టాట్‌ను 55 డిగ్రీల దగ్గర పెడితే సున్నం తగ్గుతుంది, బకెట్ స్నానానికి ఆ వేడి చాలు. అంతకన్నా బాగా తగ్గించి నీళ్ళను రోజుల తరబడి నిల్వ ఉంచితే బ్యాక్టీరియా పెరిగే వీలుంది, ఊరి నుంచి వచ్చాక ఒకసారి 60 డిగ్రీలకు కాచి వాడండి. విప్పి చూసే గడువు విషయంలో నా లెక్క ఇది: కఠినత్వం 200 లోపు ఉంటే రెండేళ్ళకోసారి, 400 వరకు ఏటా, అది దాటితే ఆరు నెలలకోసారి. మొదటిసారి విప్పినప్పుడు పెచ్చు మందం చూసి ఈ గడువును మీరే సవరించుకోవచ్చు.

పైపుకు చుట్టే అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ పెట్టెలు కఠినత్వాన్ని తీసేయవు, వాటి మీద డబ్బు పెట్టమని నేను చెప్పలేను. పాలీఫాస్ఫేట్ కార్ట్రిడ్జ్ సున్నం గట్టిపడటాన్ని కొంత ఆలస్యం చేస్తుంది, కానీ బాగా కాగిన నీళ్ళలో దాని ప్రభావం తగ్గిపోతుంది. నిజంగా పనిచేసేది రెజిన్ సాఫ్ట్‌నర్. అందులోని రెజిన్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను వదులుతుంది, నిండిపోయాక ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ వాడుకోవాలి. ఆ కడిగిన నీళ్ళు మొక్కల పాదుల్లోకి పోనివ్వకూడదు. సాఫ్ట్‌నర్ నీళ్ళలో సోడియం పెరుగుతుంది గనుక, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవారికి తాగునీటి లైను వేరుగా ఉంచాలి. సాఫ్ట్‌నర్ పెట్టించాక టీడీఎస్ మీటర్ ముంచి అంకె తగ్గలేదని కంగారు పడనక్కర్లేదు, ఒక లవణం స్థానంలో ఇంకొకటి వస్తుంది గనుక ఆ అంకె దాదాపు అలాగే ఉంటుంది. పరీక్ష చుక్కల కిట్‌తోనే చేయాలి. రెజిన్ కడగాల్సిన వేళ వచ్చిందని కూడా ఆ కిట్టే చెబుతుంది. ఇక సాఫ్ట్‌నర్ నీళ్ళకు యానోడ్ రాడ్ మరింత త్వరగా అరగవచ్చు, కాబట్టి అది పెట్టించిన ఆరు నెలలకు గీజరును ఒకసారి విప్పి, సున్నం కోసం కాకపోయినా ఆ కడ్డీ కోసం చూడాలి.